స్కూల్ థెరపీ మీద పేచీ: ముందు మీ గొడవ ఏ రకందో తేల్చుకోండి

అమెరికాలో ఉండే తెలుగు తల్లిదండ్రుల దగ్గర తరచూ వినపడే మాట ఇది: "మా వాడికి స్కూల్లో స్పీచ్ థెరపీ చాలట్లేదండీ, అడిగితే ఇంతే ఇస్తామంటున్నారు, ఏం చేయాలి?" సలహాలు వెంటనే వచ్చి పడతాయి. లాయర్‌ని పెట్టుకోండని కొందరు, స్కూల్‌తో గొడవెందుకు, బయట ప్రైవేట్‌గా చేయించుకోండని ఇంకొందరు. రెండూ తొందరపాటు సలహాలే. "చాలట్లేదు" అన్న ఒక్క మాట వెనక కనీసం మూడు వేరువేరు సమస్యలు ఉంటాయి. రాసిచ్చిన థెరపీ ఇవ్వకపోవడం ఒకటి, పిల్లాడి అవసరాన్ని సరిగ్గా అంచనా వేయకపోవడం ఇంకొకటి, అంచనా సరిగ్గానే వేసి తక్కువతో సరిపెట్టడం మూడోది. ఒక్కోదానికి చట్టం ఒక్కో దారి పెట్టింది. మీది ఏదో తేల్చుకోకుండా దిగితే నెలలు పోతాయి, డబ్బు పోతుంది, పిల్లల వయసు మాత్రం ఆగదు.

ముందు చట్టం సంగతి కొంచెం. ప్రత్యేక అవసరాలున్న పిల్లలందరికీ ప్రభుత్వ స్కూళ్లు ఉచితంగా, వాళ్లకి తగినట్టుగా చదువు చెప్పాలని అమెరికా కాంగ్రెస్ 1975లో చట్టం చేసింది. 1990లో దాని పేరు మారింది, ఇప్పుడు అందరూ "ఐడియా" అంటున్న చట్టం అదే. చివరిసారిగా పెద్ద మార్పులు 2004లో జరిగాయి. ఈ చట్టం కింద పిల్లాడికి రాసిచ్చే ప్లానే ఐఈపీ. స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ, ఫిజికల్ థెరపీ, కౌన్సెలింగ్ లాంటివన్నీ అందులో "రిలేటెడ్ సర్వీసెస్" కింద వస్తాయి. ఏ పిల్లాడికీ ఇన్ని నిమిషాలు థెరపీ ఇచ్చి తీరాలని చట్టంలో ఎక్కడా ఉండదు. పిల్లాడు తన చదువు వల్ల ప్రయోజనం పొందడానికి ఎంత అవసరమో అంత ఇవ్వాలని మాత్రమే ఉంటుంది. పేచీలన్నీ ఆ "ఎంత అవసరమో" దగ్గరే మొదలవుతాయి.

ఆ "ఎంత" గురించి సుప్రీంకోర్టు రెండుసార్లు గట్టిగా మాట్లాడింది. 1982లో రౌలీ కేసు. అమీ రౌలీ అనే వినికిడి లోపం ఉన్న అమ్మాయికి క్లాసులో సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ కావాలని తల్లిదండ్రులు అడిగారు. అమ్మాయి బాగానే పాసవుతోంది కాబట్టి స్కూల్ ఇస్తున్నది చాలని, అత్యుత్తమమైనదే ఇవ్వాలని చట్టం చెప్పలేదని కోర్టు తీర్పిచ్చింది. తర్వాత 2017లో ఎండ్రూ ఎఫ్. కేసు వచ్చింది. కొలరాడోలో ఆటిజం ఉన్న ఒక అబ్బాయి ఐఈపీలో ఏటా దాదాపు అవే గోల్స్ తిరిగి రాసేవాళ్లు. ఏదో నామమాత్రపు ప్రగతి ఉంటే చాలన్న వాదనని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. ఆ పిల్లాడి పరిస్థితిని బట్టి తగినంత ప్రగతి సాధించేలా ఐఈపీ ఉండాలని చెప్పింది. కాబట్టి మీటింగ్‌లో "మా అబ్బాయికి బెస్ట్ కావాలి" అనకండి, ఆ మాట అన్నారంటే రౌలీ తీర్పుతో సులువుగా పక్కన పెట్టేస్తారు. "పోయిన ఏడాది గోల్, ఈ ఏడాది గోల్ ఒకటేగా, ఈ ప్లాన్‌తో ప్రగతి ఎలా వస్తుందో చెప్పండి" అని అడగండి. పిల్లాడి పాత ఐఈపీలు రెండు మూడు పక్కపక్కన పెట్టి చదివితే ఈ ప్రశ్న దానంతటదే పుడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది దీని దగ్గరే. హాస్పిటల్ థెరపిస్ట్ వారానికి రెండు గంటల ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, అంటే రోజువారీ పనులు చేసుకోవడానికి ఇచ్చే శిక్షణ) కావాలని రాసిస్తారు, అది పట్టుకుని స్కూల్‌కి వెళ్తే "అది మెడికల్ అవసరం, మేం చూసేది ఎడ్యుకేషనల్ అవసరం" అంటారు. వినడానికి తప్పించుకున్నట్టే ఉంటుంది కానీ ఆ తేడా నిజంగానే ఉంది. బయటి రిపోర్టులో రాసినంతా ఇవ్వాలన్న రూలు లేదు. అయితే ఆ రిపోర్టుని పరిశీలించకుండా పక్కన పడేసే హక్కూ స్కూల్‌కి లేదు, వాళ్ల ప్రమాణాలకి సరిపోయే రిపోర్టయితే నిర్ణయం తీసుకునేటప్పుడు లెక్కలోకి తీసుకోవాల్సిందే. "గ్రేడ్స్ బాగానే ఉన్నాయిగా, ఇంక థెరపీ ఎందుకు" అన్న మాట కూడా పూర్తిగా నిలబడదు. పిల్లాడు ఏటా పై క్లాసుకి వెళ్తున్నా స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరం ఉంటే ఇవ్వాలని నిబంధనల్లోనే రాసుంది. పెన్సిల్ పట్టుకోలేక పది నిమిషాల పని నలభై నిమిషాలు చేయడం, లంచ్‌లో ఎవరితోనూ మాట్లాడలేకపోవడం, టీచర్ చెప్పిన మూడు పనుల్లో మొదటిదే గుర్తుండటం, ఇవన్నీ చదువుకి సంబంధించిన విషయాలే. బయటి థెరపిస్ట్ చేత రిపోర్టు రాయించుకునేటప్పుడు క్లాసులో ఏం ఇబ్బంది వస్తోందో కూడా రాయమని అడగండి. స్కూల్ మీటింగ్‌లో నిజంగా పని చేసేది ఆ భాగమే.

ఇప్పుడు మొదటి రకం గొడవ: ఐఈపీలో ఉంది, కానీ అందట్లేదు. థెరపిస్ట్ మానేశారు, కొత్తవాళ్లు దొరకలేదు, మూడు నెలలుగా స్పీచ్ లేదు, ఎవరూ మీకు చెప్పలేదు కూడా. మనుషులు దొరక్కపోవడం స్కూల్‌కి నిజమైన ఇబ్బందే, నేను కాదనను. కానీ అది ఐఈపీని పక్కన పెట్టడానికి సాకు కాదు. ఇక్కడ ముందు చేయాల్సిన పని సర్వీస్ లాగ్స్ అడగడం, అంటే ఏ తేదీన ఎన్ని నిమిషాలు ఎవరు థెరపీ ఇచ్చారన్న రికార్డు. పిల్లల రికార్డులు చూసే హక్కు తల్లిదండ్రులకి ఉంది. అడిగితే అనవసరంగా ఆలస్యం చేయకుండా, ఐఈపీ మీటింగ్ ఉంటే దానికంటే ముందే, ఎలా చూసినా 45 రోజులు దాటకుండా చూపించాలి. కొన్ని రాష్ట్రాల్లో గడువు ఇంకా తక్కువ, కాలిఫోర్నియాలో 5 పనిదినాలే.

లాగ్స్ వచ్చాక వాటిని ఐఈపీలో రాసిన మాటలతో పోల్చి చూడండి. అసలు ఐఈపీలో ఎలా రాశారన్నదే ముఖ్యం. "వారానికి 30 నిమిషాలు" అని ఉంటే ఒక వారం తప్పినా తెలిసిపోతుంది. "9 వారాల్లో 240 నిమిషాలు" అని ఉంటే మొదటి ఐదు వారాలు ఏమీ ఇవ్వకుండా చివర్లో కుదించి ఇచ్చినా కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది. విడిగా ఇస్తున్నారా గ్రూపులోనా, పిల్లాడికే నేరుగా ఇస్తున్నారా లేక టీచర్‌కి సలహా చెప్పే కన్సల్టేషనా, క్లాసులోనా బయటికి తీసుకెళ్లా, ఇవన్నీ స్పష్టంగా రాయించుకోవాలి. కన్సల్టేషన్ అన్న మాట చాలామంది గమనించరు. పిల్లాడికి ఓటీ ఉందనుకుంటూ ఏడాదంతా గడిపేస్తారు, థెరపిస్ట్ పిల్లాణ్ణి కలిసేదే ఉండదు.

ఇవ్వాల్సినవి ఇవ్వలేదని తేలితే దానికి సరైన దారి స్టేట్ కంప్లయింట్. రాష్ట్ర విద్యాశాఖకి రాతపూర్వకంగా పంపాలి, ఒక కాపీ స్కూల్ డిస్ట్రిక్ట్‌కి, అంటే మీ ప్రాంతంలో ప్రభుత్వ స్కూళ్లని నడిపే సంస్థకి ఇవ్వాలి. లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు. జరిగిన తప్పు ఏడాదిలోపుదై ఉండాలి, మామూలుగా 60 రోజుల్లో రాష్ట్రం నిర్ణయం చెప్పాలి. పోయిన థెరపీకి బదులుగా కాంపెన్సేటరీ సర్వీసెస్ ఇవ్వమని ఆదేశించే అధికారం వాళ్లకుంది. తేదీలు, నిమిషాలు, ఐఈపీ పేజీ జతచేసి పంపిన కంప్లయింట్ చాలా బలమైనది, ఇందులో నిపుణుల వాదనలతో పెద్దగా పని లేదు, లెక్కతోనే పని. ఇలాంటి వాటికి కూడా వేల డాలర్లు పోసి లాయర్‌ని పెట్టుకునేవాళ్లున్నారు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

రెండో రకం: స్కూల్ చేసిన ఎవాల్యుయేషనే తప్పు. స్పీచ్ థెరపిస్ట్ అరగంట పరీక్ష పెట్టి స్కోరు సగటు దగ్గరే ఉంది కాబట్టి సమస్య లేదన్నారు, మీకు మాత్రం ఇంట్లో పిల్లాడు ఒక చిన్న సంగతి కూడా మొదలు నుంచి చివరి దాకా చెప్పలేడని తెలుసు. మన పిల్లల విషయంలో దీనికి ఇంకో పార్శ్వం ఉంది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లల్ని ఇంగ్లీషు పరీక్షలతో మాత్రమే కొలిస్తే పొరపాటు రెండు వైపులా జరగొచ్చు. భాష తేడానే జబ్బు అనుకోవచ్చు, లేదా నిజంగా ఉన్న ఇబ్బందిని "ఇంగ్లీషు ఇంకా రాలేదు, అదే సర్దుకుంటుంది" అని తీసిపారేయొచ్చు. పిల్లాడి గురించి నిజమైన సమాచారం వచ్చే భాషలో, పద్ధతిలో పరీక్షించాలని, అది బొత్తిగా కుదరనప్పుడే మినహాయింపని చట్టం చెబుతోంది. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టమని అడగొచ్చు. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా చెబితే దయచేసి మానేయకండి. రెండు భాషలు వినడం వల్ల మాటలు ఆలస్యం కావు, నానమ్మ అమ్మమ్మలతో మాట్లాడే భాషని తీసేస్తే పిల్లాడికి మాట్లాడే మనుషులే తగ్గిపోతారు.

స్కూల్ ఎవాల్యుయేషన్‌తో మీరు ఒప్పుకోకపోతే స్కూల్ ఖర్చుతో బయటి నిపుణుడి చేత మళ్లీ చేయించమని అడిగే హక్కు మీకుంది. దీన్ని ఐఈఈ అంటారు. అడిగాక స్కూల్‌కి రెండే దారులు: దానికి ఒప్పుకోవాలి, లేదా తమ ఎవాల్యుయేషన్ సరైనదేనని నిరూపించుకోడానికి తామే హియరింగ్‌కి, అంటే కోర్టు లాంటి విచారణకి వెళ్లాలి. మాట్లాడకుండా నెలల తరబడి నానబెట్టే దారి లేదు. మీరు ఎందుకు ఒప్పుకోవట్లేదో స్కూల్ అడగొచ్చు, చెప్పి తీరాలన్న నిబంధన మీకు లేదు. స్కూల్ చేసిన ఒక్కో ఎవాల్యుయేషన్‌కి ఒక్కసారే ఈ అవకాశం. ఇది ఎంత విలువైనదో సుప్రీంకోర్టు 2006లో ఇచ్చిన మర్ఫీ తీర్పు చూస్తే అర్థమవుతుంది. కేసు గెలిచిన తల్లిదండ్రులకి లాయర్ ఫీజు తిరిగి రావచ్చు గానీ నిపుణులకి పెట్టిన ఖర్చు రాదని అందులో తేల్చారు. అంటే స్కూల్ డబ్బుతో వచ్చే నిపుణుడి రిపోర్టు, రేపు మూడో రకం గొడవ వచ్చినా మీ చేతిలో ఉండే ప్రధాన ఆధారం.

ఆ మూడోదే అన్నిటికన్నా కష్టమైనది: పిల్లాడికి అవసరం ఉందని స్కూల్ కూడా ఒప్పుకుంటుంది, కానీ ఇచ్చేది చాలదు, లేదా ఉన్నదే తగ్గించేస్తామంటుంది. ఇక్కడ రెండు పక్షాలా నిపుణులుంటారు, ఎవరి అభిప్రాయం వాళ్లది. ఇలాంటి చోట మీకున్న మొదటి సాధనం ప్రయర్ రిటన్ నోటీస్, వాడుకలో పీడబ్ల్యూఎన్. మీరు ఒకటి అడిగి స్కూల్ కాదన్నప్పుడు, ఎందుకు కాదంటున్నారో, ఏ పరీక్షలు, ఏ రికార్డుల ఆధారంగా అంటున్నారో, ఇంకే ప్రత్యామ్నాయాలు చూసి ఎందుకు వద్దనుకున్నారో రాసివ్వాలి. మీటింగ్‌లో నవ్వుతూ "అంత అవసరం లేదులెండి" అన్న మనిషికి అదే మాటని కారణాలతో రాయాల్సి వచ్చినప్పుడు ఆలోచన మారడం మామూలే. రాయకపోతే అదే ఇంకో ఉల్లంఘన. అందుకే మీరు అడిగేది కూడా ఈమెయిల్‌లో అడగండి, నోటిమాటగా అడిగింది నీటి మీద రాత. మీటింగ్ అయిన రోజు రాత్రే "ఈరోజు నేను ఇది అడిగాను, మీరు ఇలా అన్నారు, పొరపాటు ఉంటే చెప్పండి" అని నాలుగు వాక్యాలు పంపేయండి.

"మా డిస్ట్రిక్ట్‌లో ఎవరికీ వారానికి 60 నిమిషాలు దాటి ఇవ్వం" అని ఎవరైనా అంటే ఆ మాట తేదీతో సహా రాసిపెట్టుకోండి. పిల్లాణ్ణి చూడకముందే నిర్ణయం అయిపోవడం చట్టవిరుద్ధం. 2004లో డీల్ వర్సెస్ హామిల్టన్ కౌంటీ కేసులో సిక్స్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీల్ కోర్టు సరిగ్గా ఇదే చెప్పింది. ఆటిజం ఉన్న పిల్లలకి ఒకరికొకరుగా ఇచ్చే ఏబీఏ (ప్రవర్తన, నైపుణ్యాలు నేర్పే ఒక థెరపీ) ఇవ్వకూడదని డిస్ట్రిక్ట్ ముందే అనుకుని మీటింగ్‌కి వచ్చిందని, అలాంటప్పుడు తల్లిదండ్రుల పాత్రకి అర్థమే లేదని తేల్చింది. టెక్సస్‌లో ఉండేవాళ్లకి ఇంకో విషయం గుర్తుండాలి. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో ఉండే పిల్లల శాతం 8.5 దాటకూడదన్నట్టు రాష్ట్ర విద్యాశాఖ 2004 నుంచి ఒక కొలమానం పెట్టింది, 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దాన్ని బయటపెట్టింది, రాష్ట్రం చట్టాన్ని ఉల్లంఘించిందని 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ నిర్ధారించింది. స్కూల్లో టీచర్లు మంచివాళ్లే కావచ్చు, చాలామంది నిజంగానే మంచివాళ్లు. పైనుంచి వచ్చే ఒత్తిడి మాత్రం మీ పిల్లాడి కాగితం మీద కనపడుతుంది.

మాటలతో తెగకపోతే మీడియేషన్ ఉంది, అంటే తటస్థ మధ్యవర్తి సాయంతో రాజీ. ఖర్చు రాష్ట్రానిదే, రెండు వైపులా ఇష్టపడితేనే జరుగుతుంది, కుదిరిన ఒప్పందం చట్టపరంగా కట్టుబడాల్సిందే, అక్కడ మాట్లాడుకున్నది తర్వాత సాక్ష్యంగా వాడరు. దీన్ని చాలామంది ప్రయత్నించరు, ఎందుకో నాకు అర్థం కాదు. గంటలు, నిమిషాల మీద బేరం కుదరాల్సిన గొడవలకి ఇంతకన్నా తక్కువ నష్టంతో బయటపడే చోటు లేదు.

అదీ కుదరకపోతే డ్యూ ప్రాసెస్ హియరింగ్. ఇది కోర్టు లాంటిదే, సాక్షులు, పత్రాలు, క్రాస్ ఎగ్జామినేషన్ అన్నీ ఉంటాయి. తప్పు జరిగిందని తెలిసిన, లేదా తెలియాల్సిన రోజు నుంచి 2 ఏళ్లలోపు వేయాలి, కొన్ని రాష్ట్రాల్లో గడువు వేరే ఉంటుంది. వేశాక 15 రోజుల్లో స్కూల్ రిజల్యూషన్ మీటింగ్ పెట్టాలి. మీరు లాయర్‌ని తెచ్చుకోకపోతే స్కూల్ కూడా ఆ మీటింగ్‌కి తన లాయర్‌ని తేకూడదు. 30 రోజుల్లో రాజీ కుదరకపోతే అక్కడి నుంచి 45 రోజుల్లో తీర్పు రావాలి, నిజానికి వాయిదాలతో ఇంకా సాగుతుంది. నిరూపించాల్సిన భారం కేసు వేసినవాళ్లదేనని 2005లో షాఫర్ వర్సెస్ వీస్ట్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు మాత్రం సొంత చట్టంతో ఆ భారాన్ని స్కూల్ మీద పెట్టాయి. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు, కానీ స్కూల్ తరఫున అనుభవమున్న లాయర్ కూర్చుంటారు. ఇక్కడికి వచ్చాక మాత్రం కనీసం ఒకసారి స్పెషల్ ఎడ్యుకేషన్ లాయర్‌తో మాట్లాడకుండా అడుగు వేయొద్దు.

ఉన్న థెరపీ తగ్గిస్తామన్నప్పుడు డ్యూ ప్రాసెస్‌కి ఒక ప్రత్యేకమైన బలం ఉంది, దాన్ని స్టే పుట్ అంటారు. మార్పు అమల్లోకి రాకముందే డ్యూ ప్రాసెస్ వేస్తే, అది తేలేదాకా పాత ఐఈపీలోని సర్వీసులే కొనసాగాలి. స్టేట్ కంప్లయింట్ వేస్తే ఈ రక్షణ రాదు. మార్పు అమలయ్యే గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కాబట్టి తగ్గింపు నోటీసు చేతికి రాగానే తేదీ చూడాలి. టెక్సస్‌లో ఐఈపీ టీమ్‌ని ఏఆర్‌డీ కమిటీ అంటారు, అక్కడ ఒప్పుకోకపోతే 10 స్కూల్ రోజుల లోపల మళ్లీ కూర్చునే అవకాశం అడగొచ్చు. కాలిఫోర్నియాలో ఐఈపీలో ఒప్పుకున్న భాగానికే సంతకం పెట్టి మిగతాదానికి ఒప్పుకోలేదని రాయొచ్చు. ఎక్కడైనా సరే, మీటింగ్‌కి వచ్చినట్టు పెట్టే సంతకం వేరు, ప్లాన్‌కి ఒప్పుకుంటూ పెట్టే సంతకం వేరు, ఏది పెడుతున్నారో చదివి పెట్టండి. ఇంటికి తీసుకెళ్లి చదివి చెబుతానంటే ఎవరూ తప్పుపట్టరు. కోపంలో "అయితే మీ సర్వీసులే వద్దు" అని మాత్రం రాసివ్వకండి. రాతపూర్వకంగా సమ్మతి వెనక్కి తీసుకుంటే స్పెషల్ ఎడ్యుకేషన్ మొత్తం ఆగిపోతుంది, స్పీచ్ ఒక్కటే కాదు.

మనవాళ్లు ప్రాజెక్టులు మారుతూ ఊళ్లు మారుతుంటారు కదా, దాని గురించి కూడా. కొత్త డిస్ట్రిక్ట్‌కి వెళ్తే పాత ఐఈపీ చిత్తుకాగితం అయిపోదు. కొత్త స్కూల్ మీతో సంప్రదించి పాతదానికి సమానమైన సర్వీసులు వెంటనే మొదలుపెట్టాలి, తర్వాతే తమ ఎవాల్యుయేషన్ అవసరమైతే చేసుకుని కొత్త ఐఈపీ రాసుకోవచ్చు. "ముందు మేం ఒక సెమిస్టర్ గమనిస్తాం" అనే మాట చెల్లదు. ఇల్లు మారేముందే ఐఈపీ, చివరి ఎవాల్యుయేషన్, ప్రోగ్రెస్ రిపోర్టులు కాపీలు చేతిలో పెట్టుకోండి.

ఇంక పైకి చెప్పుకోని భయం ఒకటుంది. హెచ్1బీ మీద ఉన్నాం, గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నాం, స్కూల్ మీద కంప్లయింట్ చేస్తే ఏమవుతుందో అని చాలామంది నోరు నొక్కుకుంటారు. పిల్లాడి ఇమిగ్రేషన్ స్టేటస్ ఈ హక్కుకి షరతు కాదు. ఏ కాగితాలూ లేని పిల్లలకి కూడా ప్రభుత్వ స్కూల్ చదువు నిరాకరించకూడదని 1982లో ప్లైలర్ వర్సెస్ డో తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పింది. కంప్లయింట్ వెళ్లేది విద్యాశాఖకి. పిల్లాడి మీద కక్ష సాధిస్తారేమో అన్న భయానికి కూడా చట్టంలో సమాధానం ఉంది, 1973 నాటి రిహాబిలిటేషన్ చట్టం సెక్షన్ 504 కింద ప్రతీకార చర్యలు నిషిద్ధం. మీటింగ్‌లో వాళ్ల ఇంగ్లీషు వేగం అందకపోతే ఇంటర్‌ప్రెటర్‌ని ఏర్పాటు చేయాల్సిన బాధ్యత స్కూల్‌దే. ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే మాట్లాడతాం కదా అని మొహమాటపడకండి, సొంత బిడ్డ గురించి కష్టమైన మాటలు వింటున్నప్పుడు, పక్కన కూర్చున్న అమ్మానాన్నలకో అత్తగారికో కూడా అర్థం కావాలనుకున్నప్పుడు, ఆ సాయం అడగడంలో చిన్నతనం ఏమీ లేదు.

ఒంటరిగా మొదలుపెట్టాల్సిన పని లేదు. ప్రతి రాష్ట్రంలో కనీసం ఒక పేరెంట్ ట్రైనింగ్ అండ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ ఉంటుంది, ఫెడరల్ నిధులతో నడుస్తుంది, సాయం ఉచితం. టెక్సస్‌లో పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్, న్యూజెర్సీలో స్పాన్ అలాంటివే. మీ ఐఈపీ ముందు పెట్టుకుని వాళ్లకి ఫోన్ చేస్తే మీది ఈ మూడింట్లో ఏ రకం గొడవో గుర్తుపట్టడానికి, కంప్లయింట్ ఎలా రాయాలో చూడటానికి సాయపడతారు. ఆ ఫోన్‌కి ముందు ఒక్క పని చేసి పెట్టుకోండి: స్పెషల్ ఎడ్యుకేషన్ ఆఫీసుకి ఈమెయిల్‌లో, గత రెండేళ్ల సర్వీస్ లాగ్స్, ప్రోగ్రెస్ రిపోర్టులు, ఎవాల్యుయేషన్లు అన్నీ కావాలని తేదీ వేసి అడగండి. వాళ్లకున్న 45 రోజుల గడువు ఆ ఈమెయిల్ అందిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది.